బోడెన్‌జే చుట్టూ సైకిల్, మధ్యలో తెరచాప: మీ ప్రశ్నలకు జవాబులు

ఆ మధ్య ఈ శీర్షికలో బోడెన్‌జే సరస్సు గురించి నాలుగు మాటలు రాశాను. దాని మీద ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు, అందుకే ఈసారి పేజీ మొత్తం దానికే ఇచ్చేస్తున్నాను. కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం ముందు రెండు ముక్కలు. ఇంగ్లిష్‌లో లేక్ కాన్‌స్టన్స్ అంటారే, అదే బోడెన్‌జే. జర్మనీ, స్విట్జర్లాండ్, ఆస్ట్రియా మూడు దేశాలూ దీని ఒడ్డునే ఉన్నాయి. పొడవు 63 కిలోమీటర్లు, బాగా వెడల్పయిన చోట 14 కిలోమీటర్లు, లోతు 250 మీటర్లకు పైనే. ఒడ్డు మొత్తం 273 కిలోమీటర్లు ఉంటే అందులో 173 జర్మనీది, 72 స్విట్జర్లాండ్‌ది, 28 ఆస్ట్రియాది. ఈ ఒడ్డు వెంబడి సైకిల్ దారి ఉంది, నీళ్ల మీద తెరచాప పడవలున్నాయి. నేను నా స్నేహితురాలితో కలిసి వెళ్లాను కాబట్టి కింద రాసినవన్నీ ఇద్దరు వెళ్లేటప్పటి సంగతులే.

ప్రశ్న: అక్కా, నేను స్టట్‌గార్ట్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఇంజనీరింగ్‌లో నా రూమ్మేట్ జూన్‌లో హైదరాబాద్ నుంచి వస్తోంది. ఇద్దరం బోడెన్‌జే మొత్తం సైకిల్ మీద చుట్టి రావాలని ప్లాన్. నేను రోజూ ఆఫీసుకు సైకిల్ మీదే వెళ్తాను, తను మాత్రం ఇంటర్ తర్వాత సైకిల్ ముట్టుకోలేదు. నాలుగు రోజుల్లో అయిపోతుందా? ఎటు నుంచి మొదలుపెట్టాలి?
(ఒక పాఠకురాలు, స్టట్‌గార్ట్)

జవాబు: అమ్మా, మీకైతే నాలుగు రోజుల్లో అయిపోతుంది. మీ స్నేహితురాలికి అవ్వదు. మొత్తం దారి సుమారు 260 కిలోమీటర్లు, నాలుగుతో భాగిస్తే రోజుకు 65. ఇంటర్ తర్వాత సైకిలెక్కని మనిషి మొదటి రోజు 65 తొక్కిందనుకోండి, రెండో రోజు పొద్దున సీటు మీద కూర్చోలేదు. ఆ నొప్పి ఎలాంటిదో పడ్డవాళ్లకే తెలుసు.

అందుకని మొత్తం చుట్టాలనే పంతం ముందు పక్కన పెట్టండి. సరస్సుకు పడమర వైపు రెండు చీలికలున్నాయి, రాడోల్ఫ్‌సెల్ వైపు ఒకటి, ఊబర్‌లింగెన్ వైపు ఒకటి. వాటిని వదిలేసి పెద్ద సరస్సు ఒక్కటే, ఇంకో రోజు కలుపుకుని ఐదు రోజుల్లో చుట్టండి. కోన్‌స్టాంట్స్ దాకా రైల్లో వెళ్లి సైకిళ్లు అక్కడే అద్దెకు తీసుకోండి. ఇంటి నుంచి సైకిల్ రైలెక్కించడం, దానికి వేరే టికెట్, వారాంతంలో సైకిళ్ల పెట్టె కిక్కిరిసి ఉండటం, ఆ టెన్షన్ అంతా మీకెందుకు? కోన్‌స్టాంట్స్ నుంచి మేర్స్‌బుర్గ్‌కు కార్లు, సైకిళ్లు అన్నీ ఎక్కించుకునే ఫెర్రీ ఉంది, 1928 నుంచి నడుస్తోంది, రాత్రీ పగలూ తిరుగుతూనే ఉంటుంది, పావుగంటలో అవతలి ఒడ్డు.

మొదటి రోజు మేర్స్‌బుర్గ్ నుంచి ఫ్రీడ్రిష్‌హాఫెన్, 20 కిలోమీటర్లే. తక్కువని అనిపిస్తుంది, అనిపించనివ్వండి. మిగిలిన పూట జెప్పెలిన్ మ్యూజియం చూడండి, గ్యాస్ నింపి ఎగరేసే పెద్ద గాలి ఓడల్ని జెప్పెలిన్‌లు అంటారు, మొట్టమొదటి జెప్పెలిన్ 1900 జూలై 2న ఎగిరింది ఈ సరస్సు మీదే. రెండో రోజు లిండావ్, ఇంకో 25. మూడో రోజు సైకిళ్లు తాళం వేసి పడవ ఎక్కండి, ఆ సంగతి కింద వేరే ఉత్తరంలో రాశాను. నాలుగో రోజు లిండావ్ నుంచి ఆస్ట్రియాలోని బ్రెగెంట్స్ మీదుగా, రైన్ నది సరస్సులో కలిసే పల్లపు నేల దాటి, స్విట్జర్లాండ్‌లోని రోర్‌షాక్ దాకా దాదాపు 40. ఐదో రోజు రోమన్స్‌హోర్న్ మీదుగా తిరిగి కోన్‌స్టాంట్స్, ఇంచుమించు అంతే. ఎక్కడ ఒళ్లు మొరాయించినా దారి ఉంది: స్విస్ ఒడ్డున సైకిల్ దారి పక్కనే చాలా దూరం రైలు పట్టాలు నడుస్తాయి, రోమన్స్‌హోర్న్ నుంచి ఫ్రీడ్రిష్‌హాఫెన్‌కు నలభై నిమిషాల్లో దాటించే ఫెర్రీ కూడా ఉంది. మధ్యలో రైలెక్కితే యాత్ర చెడిపోయినట్టు కాదు, ఆ మాట మీ స్నేహితురాలికి బయల్దేరే ముందే చెప్పి ఉంచండి.

మేర్స్‌బుర్గ్ నుంచి తూర్పుకు తిరగమన్నానంటే ఒక లెక్క ఉంది. అక్కడ బండ్లన్నీ కుడి పక్కన నడుస్తాయి కాబట్టి గడియారం ముల్లు తిరిగే వైపు వెళ్తే నీళ్లు ఎప్పుడూ మీ కుడి చేతి వైపే ఉంటాయి, మధ్యలో ఎదురొచ్చే బండ్లు అడ్డం రావు, ఆగాలనిపించిన చోట రోడ్డు దాటకుండానే ఒడ్డుకు దిగొచ్చు. దారి తప్పుతామన్న బెంగ అక్కర్లేదు, వెనక చక్రం నీలం రంగులో నిండుగా ఉన్న సైకిల్ బొమ్మ దారంతా కనిపిస్తుంది, దాని వెంట పోవడమే.

ఇంకొకటి. సైకిల్ అద్దెకు తీసుకునేటప్పుడు దుకాణం ముందే సీటు ఎత్తు సరిచేయించండి. సీటు మీద కూర్చుని మడమ పెడల్ మీద ఆనించి పెడల్‌ను పూర్తిగా కిందికి తొక్కితే కాలు నిటారుగా రావాలి. మోకాలు ఇంకా వంగి ఉంటే సీటు కిందికి ఉన్నట్టు. కొత్తవాళ్లు పాదం నేలకు ఆనాలని సీటు దించేసుకుంటారు, ఆ రెండంగుళాలే సాయంత్రానికి మోకాలి నొప్పి అవుతుంది. మీ స్నేహితురాలికి బ్యాటరీ సైకిల్ ఇప్పించినా తప్పు లేదు, గంటకు 25 కిలోమీటర్ల దాకానే తోడ్పడే రకానికి లైసెన్సు అడగరు. అప్పుడు ఆమె మీ కోసం ఆగాల్సి వస్తుందేమో చూసుకోండి.

అన్నట్టు, మీరు స్టట్‌గార్ట్‌లో కొళాయి తిప్పితే వచ్చే నీళ్లలో చాలా భాగం ఈ సరస్సువే. జిప్లింగెన్ ఊరి దగ్గర 60 మీటర్ల లోతు నుంచి తోడి, శుద్ధి చేసి, గొట్టాల్లో ఉత్తరానికి పంపిస్తారు, దాదాపు 40 లక్షల మంది తాగుతున్నారు. ఆ ఒడ్డున నిలబడ్డప్పుడు మీ స్నేహితురాలికి చెప్పండి, నిన్న మా ఇంట్లో నువ్వు తాగింది ఈ నీళ్లే అని.

ప్రశ్న: మేడమ్, పోయినేడు ఇదే సరస్సుకు నా చిన్ననాటి స్నేహితుడితో వెళ్లాను. రెండో రోజు మధ్యాహ్నానికి మా మధ్య మాటల్లేవు. వాడు ఫొటోల కోసం కిలోమీటరుకోసారి ఆగుతాడు, నాకేమో ఊపులో ఉన్నప్పుడు ఆగబుద్ధి కాదు. ఇంటికొచ్చాక మామూలైపోయాం. ఈ వేసవిలో మళ్లీ వెళ్దామంటున్నాడు. వెళ్లమంటారా?
(ఒక పాఠకుడు, మ్యూనిక్)

జవాబు: వెళ్లండి తమ్ముడూ. మళ్లీ పిలిచాడంటే ఆ రెండో రోజు కంటే మీరే ఎక్కువని కదా అర్థం.

నా సంగతి చెప్తాను. మేం వెళ్లినప్పుడు రోర్‌షాక్ దాటిన దగ్గర్నుంచి నా స్నేహితురాలు మాట్లాడటం మానేసింది. నేను ముందు, తను వెనక. ప్రతి పది నిమిషాలకూ ఆగి వెనక్కి చూసేదాన్ని, తను దగ్గరికి రాగానే మళ్లీ తొక్కేసేదాన్ని. ఆగానుగా అని నా లెక్క. తను వచ్చేసరికి నా విశ్రాంతి అయిపోయేది, తనకు విశ్రాంతే ఉండేది కాదు, ఆ సంగతి నాకు తట్టనే లేదు. కోపం వచ్చిందేమో అనుకుని నేనూ ముభావంగానే ఉన్నాను. ఒక చిన్న స్టేషన్ దగ్గర రైలు గేటు పడింది. ఇద్దరం పక్కపక్కన నిలబడ్డాం. అప్పుడు చూశాను, తను ఎడమ కాలు నేల మీద మోపకుండా వేళ్ల మీదే నిలబెట్టి, మోకాలి చిప్ప కింద బొటనవేలితో గట్టిగా అదుముకుంటోంది. కళ్లలో నీళ్లు. "నొప్పెడుతోందని చెప్పొచ్చు కదే" అన్నాను. "నువ్వు ఏడాది నుంచి ఎదురుచూస్తున్న ట్రిప్ కదా" అంది. గేటు లేచింది, మా వెనక ఉన్నవాళ్లు దాటి వెళ్లిపోయారు, మేం అక్కడే ఉండిపోయాం.

ఆ రోజు మిగిలిన దూరం రైల్లో వెళ్లాం. సీటు పైకి లేపించుకున్నాం. మర్నాటి నుంచి తను ముందు, నేను వెనక. అంతే, ఇంకేమీ మార్చలేదు. ముందు వెళ్లే మనిషికి వెనకున్న మనిషి మొహం కనిపించదు, వెనకున్న మనిషికి మాత్రం ముందున్నవాళ్ల భుజాలు వంగడం, గేరు తగ్గించడం, మంచినీళ్ల సీసా కోసం చెయ్యి పోవడం అన్నీ కనిపిస్తాయి. అందుకే నెమ్మదిగా తొక్కేవాళ్లే ముందుండాలి. మీ ఇద్దరిలో ఆగేది అతను కాబట్టి అతనే ముందుండాలి, ఆగినప్పుడు మీరూ ఆగాలి. మీకు ఊపు కావాలంటే దానికి వేరే గంట పెట్టుకోండి: పొద్దున ఆరింటికి అతను నిద్రలేవక ముందు ఒక్కరే ఇరవై కిలోమీటర్లు కొట్టేసి రండి. మా స్నేహితురాలు నాకు ఆ గంట ఇచ్చింది, నేను తనకు పగలంతా ఇచ్చాను. అప్పటి నుంచి మాకు గొడవ రాలేదు.

డబ్బు విషయం కూడా బయల్దేరే ముందే మాట్లాడుకోండి. ఒకరు హాస్టల్ చాలంటారు, ఒకరికి సొంత గది కావాలి, ఇది ఆ ఊళ్లో రాత్రి ఎనిమిదింటికి తేలే విషయం కాదు.

ప్రశ్న: మాకిద్దరికీ సెయిలింగ్ అసలు తెలియదు. లైసెన్సు లేకుండా చిన్న తెరచాప పడవ అద్దెకు ఇస్తారని విన్నాం, నిజమేనా? నాకు ఈత కూడా అంతంత మాత్రమే. అయినా వెళ్లాలనే ఉంది.
(ఒక పాఠకుడు, ఫ్రాంక్‌ఫర్ట్)

జవాబు: నిజమే. తెరచాప విస్తీర్ణం 12 చదరపు మీటర్లు దాటని పడవకు, ఇంజన్ ఉంటే అది 4.4 కిలోవాట్లు మించకపోతే, అక్కడ లైసెన్సు అడగరు. అంతకు మించితే ఈ సరస్సుకే ప్రత్యేకంగా ఉన్న లైసెన్సు కావాలి. కానీ లైసెన్సు అక్కర్లేదన్నంత మాత్రాన పడవ నడపడం వచ్చేసినట్టు కాదు. అద్దెకు ఇచ్చేవాళ్లూ ఇంతకు ముందు నడిపారా అని అడుగుతారు, అప్పుడు అబద్ధం చెప్పకండి. మొదటిసారి నేర్పే మనిషితోనే వెళ్లండి. సరస్సు చుట్టూ సెయిలింగ్ స్కూళ్లు చాలా ఉన్నాయి, కొత్తవాళ్లకు రెండు మూడు గంటల పరిచయ పాఠం దొరుకుతుంది. అదీ వద్దు, ఊరికే కూర్చుని గాలి మీద వెళ్తే చాలనుకుంటే ఇమ్మెన్‌స్టాట్‌లో పాతకాలపు సరుకు పడవ నమూనాలో కట్టిన లేడినె అనే పెద్ద తెరచాప పడవ ఉంది, అది ఎక్కండి.

ఈత గురించి నిక్కచ్చిగా చెప్తాను. ఈత సరిగా రాకపోతే లైఫ్ జాకెట్ ఒడ్డు మీదే వేసుకుని, బకిల్స్ అన్నీ బిగించుకుని ఎక్కాలి, మళ్లీ ఒడ్డు మీదే విప్పాలి. ఎండగా ఉంది, ఉక్కగా ఉంది అని మధ్యలో తీయడం లేదు. అక్కడ జూన్‌లో కూడా నీళ్లు చల్లగా ఉంటాయి, మన చెరువుల అలవాటుతో లెక్క వేసుకోకూడదు. చల్లటి నీళ్లలో హఠాత్తుగా పడితే ఊపిరి బిగుసుకుపోయి ఈత వచ్చినవాళ్లకే కాళ్లూ చేతులూ ఆడవు.

మా మొదటి పాఠం లిండావ్ రేవు నుంచి. రేవు మొగలో ఒక పక్క దీపస్తంభం, ఒక పక్క రాతి సింహం, 1856 నుంచి అలాగే ఉన్నాయి, వాటి మధ్య నుంచి బయటికి వెళ్లాలి. బయటికి వచ్చాక గాలి లేదు. అరగంట పడవ కదల్లేదు. సరంగు, అదే మాకు నేర్పిన ఆయన, నీళ్లకేసి చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి దూరంగా వేలు చూపించాడు: నున్నగా ఉన్న నీళ్ల మీద ఒక చోట మాత్రం నల్లటి మరక లాంటిది, సన్నటి ముడతలతో, మా వైపు వస్తోంది. గాలి వచ్చేది అలా కనిపిస్తుందట. అది మమ్మల్ని తాకగానే అప్పటిదాకా వేలాడుతున్న గుడ్డ టప్‌మని నిండింది, పడవ ఒక పక్కకు ఒరిగింది, నా చేతిలో వదులుగా ఉన్న తాడు ఒక్కసారి అరచేతిని కోసుకుంటూ జారింది. గాలి ఎక్కువైనట్టనిపిస్తే తాడు వదులు చెయ్యి, తెరచాప గాలిని వదిలేస్తుంది, పడవ లేచి నిలబడుతుంది, భయం వేస్తే తాడు ఇంకా గట్టిగా లాక్కోవాలనిపిస్తుంది కానీ చెయ్యాల్సింది దానికి తిరగబడి, అన్నాడు. ఆ తాడు వదలడం నేర్చుకోవడానికే నాకు గంట పట్టింది. నా స్నేహితురాలు చుక్కాని పట్టుకుంది. సైకిల్ మీద నా వెనక మాట లేకుండా వచ్చిన మనిషి ఇక్కడ నన్ను గట్టిగా కేకేసి "తల వంచు" అంటోంది. అలా అనకపోతే కుదరదు, ఎందుకంటే తెరచాప అడుగున బూమ్ అనే అడ్డ కర్ర ఉంటుంది, పడవ మలుపు తిరిగినప్పుడు అది ఈ పక్క నుంచి ఆ పక్కకు ఊడ్చుకుంటూ వస్తుంది, తల వంచకపోతే తగిలేది తలకే.

యాత్రకు మధ్యలో ఒక రోజు పడవకు పెట్టమని నేను అందరికీ చెప్పేది ఇందుకే. సైకిళ్ల మీద ఇద్దరి మధ్య దూరం పెరుగుతుంది, పడవలో పెరగడానికి చోటే లేదు, ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకోకుండా అది కదలదు.

ఇక గాలి దీపాలు. ఒడ్డు పొడవునా అక్కడక్కడా నారింజ రంగు దీపాలున్నాయి. నిమిషానికి 40 సార్లు వెలిగి ఆరుతుంటే గట్టి గాలి వచ్చే అవకాశం ఉందని, అంటే గంటకు 46 కిలోమీటర్లకు పైన. నిమిషానికి 90 సార్లయితే తుఫాను గాలి, గంటకు 62 దాటి. మీరు కొత్తవాళ్లు కాబట్టి 40 చూసినా తిరిగి వచ్చేయండి, 90 దాకా ఆగకండి. ఆల్ప్స్ కొండల మీదుగా రైన్ లోయలోకి దిగే వెచ్చటి గాలి ఒకటుంది, ఫ్యోన్ (Föhn) అంటారు. అది వచ్చే రోజు కొండలు చెయ్యి చాస్తే అందేటంత దగ్గరగా, తేటగా కనిపిస్తాయి. ఫొటోలకు అంత మంచి రోజు ఉండదు, కొత్తవాళ్లు పడవ ఎక్కడానికి మాత్రం అది మంచి రోజు కాదు.

ప్రశ్న: అమ్మా, మా అమ్మాయి జర్మనీలో ఎమ్మెస్ చదువుతోంది. ఈ వేసవిలో స్నేహితురాలితో కలిసి సైకిళ్ల మీద ఆ సరస్సు చుట్టూ తిరుగుతుందట, తెరచాప పడవ కూడా ఎక్కుతుందట. నేను గోదావరి ఒడ్డున పుట్టి పెరిగినదాన్ని, నీళ్ల సంగతి నాకు తెలుసు, అందుకే భయం. ఇద్దరూ ఆడపిల్లలే. వద్దంటే బాధపడుతుంది. ఏం చెయ్యమంటారు?
(ఒక తల్లి, రాజమహేంద్రవరం)

జవాబు: అమ్మా, మీ భయం మీది, దాన్ని తీసిపారేయను. గోదావరి చూసినవాళ్లు నీళ్లను తేలిగ్గా తీసుకోరు, ఆ జాగ్రత్త మీ అమ్మాయికి కూడా మీ నుంచే వచ్చి ఉంటుంది. వద్దనకండి. బదులు మూడు నాలుగు ప్రశ్నలు అడగండి, తను వాటికి తడుముకోకుండా జవాబు చెప్తే మీకూ కాస్త ధైర్యం వస్తుంది. పడవలో నేర్పే మనిషి ఉంటారా? లైఫ్ జాకెట్ వాళ్లే ఇస్తారా, తన ఒంటికి సరిపడే కొలతదేనా? ఒడ్డున నారింజ దీపాలు వెలిగితే ఏం చెయ్యాలో తెలుసా? ఏ రాత్రి ఏ ఊళ్లో ఉంటారు?

సైకిల్ దారి గురించి అంత దిగులు వద్దండీ. లారీలు పోయే పెద్ద రోడ్డు మీద తొక్కడం కాదది, చాలా చోట్ల సైకిళ్లకు వేరే దారి ఉంటుంది, ఆపిల్ తోటల మధ్య నుంచి, ఊళ్ల మధ్య నుంచి పోతుంది. ముసలివాళ్లు, చిన్నపిల్లల్ని బండిలో కూర్చోబెట్టి లాగే తల్లిదండ్రులు, అందరూ తొక్కుతుంటారు. నేనూ నా స్నేహితురాలూ ఇద్దరమే వెళ్లాం, మాకు ఎక్కడా ఇబ్బంది కలగలేదు. ఆపద వస్తే 112 నంబరు మూడు దేశాల్లోనూ పనిచేస్తుంది, ఇది అమ్మాయికి గుర్తు చెయ్యండి.

రోజుకు ఒక వేళ పెట్టుకోండి, సాయంత్రం గదికి చేరగానే ఒక్క మెసేజ్. గంటకోసారి ఫోన్ చెయ్యకండమ్మా, హ్యాండిల్ మీద ఫోన్ మోగితే చూపు దారి మీద నుంచి పోతుంది. మా అమ్మ కూడా మొదట్లో అలాగే చేసేది. తర్వాత సాయంత్రం ఏడింటికి అని ఒప్పందం చేసుకున్నాం, నేను ఏడుకు ఐదు నిమిషాల ముందే ఫొటో పంపేదాన్ని.

ప్రశ్న: నేను శాకాహారిని, గుడ్డు కూడా తినను. ఐదు రోజులు రొట్టె, జామ్‌తోనే గడపాలా?
(ఒక పాఠకురాలు, బెర్లిన్)

జవాబు: అక్కర్లేదు, కానీ కొంచెం కళ్లు తెరుచుకుని ఆర్డర్ ఇవ్వాలి. ఆ ప్రాంతంలో ఎక్కడ చూసినా దొరికేది కేజె ష్పెట్స్‌లె, చీజ్‌లో కలిపిన పిండి ముక్కల వంటకం, వేయించిన ఉల్లిపాయ చల్లి ఇస్తారు. మాంసం ఉండదు కానీ పిండి గుడ్డుతో కలుపుతారు, మీకు పనికిరాదు. దిన్నెలె అని పల్చటి రొట్టె మీద మీగడ, కూరగాయలు పరిచి కాలుస్తారు, బాగుంటుంది, అయితే మెనూలో ష్పెక్ అన్న మాట కనిపిస్తే అది పంది మాంసం, అది లేకుండా చేయమని చెప్పండి. బంగాళదుంపల సలాడ్ అడిగేటప్పుడు కూడా ఒకసారి కనుక్కోండి, మాంసం ఉడికించిన నీళ్లు కలిపే అలవాటు ఉంది.

మేం చేసింది మీకు ఇంకా బాగా పనికొస్తుంది. వంటగది ఉన్న గది తీసుకున్నాం. చింతపండు పులుసు ఇంట్లోనే దగ్గరగా ఉడికించి, పోపు పెట్టి సీసాలో తీసుకెళ్లాం, రాత్రి అన్నం వండి కలిపేసి పొద్దున డబ్బాల్లో సర్దుకునేవాళ్లం. మధ్యాహ్నం ఏదో ఒక ఊరి ఒడ్డున చెట్టు కింద పులిహోర, కాళ్లు నీళ్లలో. నూనె, పులుపు ఉన్నాయి కాబట్టి సాయంత్రం దాకా పాడవదు, సైకిల్ తొక్కిన ఆకలికి దానంత హాయి ఇంకేదీ ఇవ్వలేదు. జర్మనీ వైపు ఆదివారం దుకాణాలు మూసేస్తారని బెర్లిన్‌లో ఉన్న మీకు చెప్పనక్కర్లేదు, శనివారమే పెరుగూ పళ్లూ కొనిపెట్టుకోండి.

ప్రశ్న: నా స్నేహితుడు జర్మనీ ఇచ్చిన షెన్‌గెన్ వీసా మీద వస్తున్నాడు. స్విట్జర్లాండ్‌లోకి సైకిల్ మీద వెళ్తే వేరే వీసా కావాలా?
(ఒక పాఠకుడు, ఉల్మ్)

జవాబు: అక్కర్లేదు. స్విట్జర్లాండ్ 2008 నుంచి షెన్‌గెన్‌లో, అంటే ఒకే వీసా చెల్లే దేశాల గుంపులో, ఉంది. పాస్‌పోర్ట్ మాత్రం జిరాక్స్ కాకుండా అసలుదే దగ్గర ఉంచుకోండి, మీ రెసిడెన్స్ కార్డు కూడా. అయితే స్విట్జర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో లేదు, ఆ తేడా మీకు రెండు చోట్ల తగులుతుంది. ఒకటి డబ్బు, అక్కడ ఫ్రాంకులు, అన్నీ ఖరీదే, అందుకే వీలైనన్ని రాత్రులు జర్మనీ, ఆస్ట్రియా వైపే ఉండేలా చూసుకోండి. రెండోది ఫోన్. జర్మన్ సిమ్‌కు యూరప్ అంతా రోమింగ్ ఉచితమనుకుని వాడేస్తే స్విట్జర్లాండ్‌లో బిల్లు పడొచ్చు, పైగా మీరు కోన్‌స్టాంట్స్‌లోనే ఉన్నా ఫోన్ స్విస్ టవర్‌ను పట్టేసుకుంటుంది. మ్యాపులు ముందే దించుకుని డేటా రోమింగ్ ఆపేయండి. ఒక వింత కూడా చెప్పాలి: పెద్ద సరస్సు మధ్యలో ఏ దేశం ఎక్కడ ముగుస్తుందో ఈ మూడు దేశాలూ కలిసి ఒప్పుకున్న గీత ఈనాటికీ లేదు. పడవలో ఉన్నప్పుడు మీ స్నేహితుడు ఇప్పుడు ఏ దేశంలో ఉన్నామని అడిగితే మీరు చెప్పలేరు.

ప్రశ్న: మేడమ్, వచ్చే ఏడాది నా ఫ్రెండ్ దగ్గరకు జర్మనీ వెళ్తున్నాను. తను సెయిలింగ్ నేర్చుకుంటోంది. నేను వెళ్లేలోపు హైదరాబాద్‌లోనే కాస్త నేర్చుకోవచ్చా?
(ఒక పాఠకురాలు, సికింద్రాబాద్)

జవాబు: ఎందుకు నేర్చుకోకూడదు, మీ ఇంటి దగ్గరే హుస్సేన్‌సాగర్ ఉంది. యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ 2009 నుంచి అక్కడే నేర్పుతోంది, పిల్లల్ని జాతీయ స్థాయి పోటీల దాకా తీసుకెళ్లింది. టాంక్‌బండ్ మీద సాయంత్రం నడిచేటప్పుడు బుద్ధ విగ్రహం వెనక చిన్న చిన్న తెల్ల తెరచాపలు కనిపిస్తే ఒకసారి ఆగి చూడండి, నడిపేవాళ్లలో చాలామంది బడి పిల్లలు. వర్షాకాలంలో గాలి బాగుంటుంది. తెరచాప ఎటు తిప్పాలి, గాలి ఎటు నుంచి వస్తోంది, ఎదురుగాలికి అడ్డదిడ్డంగా మలుపులు తీసుకుంటూ ఎలా ముందుకు పోవాలి, ఈ మూడూ ఇక్కడ వంటబడితే అక్కడ కొత్త ఉండదు. లోతు, చలి మాత్రం వేరు, పైన ఫ్రాంక్‌ఫర్ట్ పాఠకుడికి రాసింది మీరూ చదవండి.

క్లబ్బులో చేరేలోపు ఇంట్లో చేసే పని ఒకటి చెప్తాను. బట్టలారేసుకునే నైలాన్ తాడు రెండు గజాలు తీసుకుని ఎనిమిది అంకె ముడి వెయ్యడం అలవాటు చేసుకోండి: తాడు కొసను మెడ చుట్టూ తిప్పినట్టు తాడు చుట్టూ ఒకసారి తిప్పి, వచ్చిన ఉచ్చులోకి అవతలి వైపు నుంచి దూర్చి లాగితే 8 ఆకారం వస్తుంది. తెరచాప తాడు కొసకు ఈ ముడే వేస్తారు, చెయ్యి జారినా తాడు కప్పీలోంచి ఊడి పోకుండా ఆపేది అదే. కిటికీ ఊచకు తాడు కట్టుకుని, టీవీ చూస్తూ, చూడకుండా వెయ్యడం వచ్చేదాకా వెయ్యండి. మీ ఫ్రెండ్ పడవలో తాడు మీ చేతికిచ్చినప్పుడు ముడి ఎలా అని అడగకుండా వేసేస్తారు.